తాయమ్మ ఎదురు ప్రవాహం లెక్క

లెక్కల పుస్తకంలో ప్రయాణం చేసేవాళ్లంత సుఖజీవులు ఇంకెక్కడా కనపడరు. రాము ఒక ఊరి నుంచి బయల్దేరతాడు, సోము ఇంకో ఊరి నుంచి బయల్దేరతాడు. ఇద్దరికీ ఎండ తగలదు, దప్పిక కాదు, చెప్పు తెగదు. దారిలో తెలిసినవాళ్లు ఎదురుపడి ఎటు పోతున్నవని ఆపరు. ఎందుకు పోతున్నారో మనకు చెప్పరు, పోయి ఏం చేశారో అసలే చెప్పరు. ఎక్కడ కలుస్తారు, ఎప్పుడు కలుస్తారు, అంతే ప్రశ్న. కలిశాక ఒకరినొకరు పలకరించుకున్నారో లేదో ఆ పుస్తకం రాసినాయనకు పట్టదు.

తాయమ్మకు పట్టేది. అందుకే పదో తరగతి లెక్కల పరీక్ష రెండుసార్లు పోయింది.

తాయమ్మ వనపర్తిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. నలభై దాటిన మనిషి. చేతిలో పని ఉంటే ఎవరి జోలికీ పోదు, పని లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు అంచు నలుపుతూ కూర్చుంటుంది. ఆ హాస్టల్లో వంటవాళ్లను పెట్టే ఏజెన్సీ అప్పుడప్పుడు మారుతుంటుంది. మారినప్పుడల్లా పది పాసైన కాగితం ఉందా అని అడుగుతారు. అన్నం ఉడకడానికీ ఆ కాగితానికీ ఏం సంబంధమో పొయ్యిని అడిగినా చెప్పలేదు. కానీ అడిగేవాళ్లు పెద్దవాళ్లు. వచ్చే జూన్‌లో కొత్త ఏజెన్సీ వస్తుందని, ఈసారి కాగితం లేకపోతే తాను కూడా ఏమీ చేయలేనని వార్డెన్ మేడం ముందే చెప్పేసింది. ఉద్యోగం పోతే తాయమ్మ తిరిగి పోవలసింది గద్వాల దాటినాక కృష్ణ ఒడ్డున ఉన్న అత్తగారి ఊరికే. అక్కడ మరిది ఇంట్లో ఒక మూల ఉంటుంది. మూల ఉంటుంది కానీ, ఆ మూలలో ఉన్న మనిషి తిన్నదా లేదా అని అడిగేవాళ్లుండరు.

అట్లాగని వనపర్తిలో అడిగేవాళ్లు ఉన్నారని కాదు. హాస్టల్ అంటే తేనెపట్టు కదిపినట్టే, ఎప్పుడూ గోల. పొద్దున లేస్తే పిల్లలు, మాపటికి పిల్లలు. ఆ గోలంతటిలో తాయమ్మకు దక్కే మాటలు మాత్రం రెండే. ‘ఆంటీ, ఇంకొంచెం పప్పు’ అన్నది ఒకటి, ‘ఆంటీ, ఉప్పు తక్కువైంది’ అన్నది రెండోది. పిల్లలు చెడ్డవాళ్లు కాదు. వాళ్ల లోకం వాళ్లది. మధ్యాహ్నం గిన్నెలు కడిగేసి ఆమె తన గదికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేది. ఫోన్ మోగితే గబుక్కున ఎత్తేది. రీచార్జ్ అయిపోవచ్చిందని ఒక ఆడగొంతు చెప్పేది. అది మనిషి కాదని తెలిసి కూడా ఆ గొంతు ఆగేదాకా తాయమ్మ ఫోన్ పెట్టేసేది కాదు.

సార్వత్రిక పాఠశాల అని ఒకటుంది, వయసు దాటినవాళ్లు అందులో చేరి పది రాయొచ్చని చెప్పింది కూడా వార్డెన్ మేడమే. ఆదివారం ఆదివారం సర్కారు హైస్కూల్లో క్లాసులు. పదిమందీ కలిసేది ఆ ఒక్క పూట. ఆటో నడిపే మహేందర్, కూరగాయలమ్మే ఇద్దరు ఆడవాళ్లు, గోపాల్‌పేట నుంచి బస్సులో వచ్చే ఒక పెళ్లయిన పిల్ల, ఇంకా కొందరు. లెక్కలు చెప్పేది సుప్రియ. ఆమెది నాగర్‌కర్నూలు. ఉద్యోగం కోసం వనపర్తిలో ఒంటి గది తీసుకుని ఉంటుంది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. తనకన్నా పెద్దవాళ్లకు చెప్పాలి కాబట్టి మొదట్లో బెదిరిందో ఏమో, అందరినీ అక్కా, అన్నా అని పిలిచి ఆ బెదురు పోగొట్టుకుంది.

మిగతా పాఠాలు తాయమ్మ ఎట్లాగో గట్టెక్కింది. కూడికలు, శాతాలు, త్రిభుజాలు, అన్నీ మింగేసింది. దూరం, వేగం, కాలం దగ్గరకు వచ్చేసరికి గొంతుకు అడ్డం పడింది. అందులోనూ రైలు లెక్కలు, కారు లెక్కలు పరవాలేదు. ఆమె రైలు ఎక్కింది తక్కువ, కారు ఎక్కింది అసలే లేదు, కాబట్టి పుస్తకం చెప్పినట్టే నమ్మేది. నీళ్లలో పడవ లెక్క వచ్చినప్పుడే పేచీ.

రెండుసార్లు పోయి మూడోసారి చేరిన ఏడాది, ఒక ఆదివారం సుప్రియ బోర్డు మీద రాసిన లెక్క ఇది. నిలకడ నీళ్లలో గంటకు ఐదు కిలోమీటర్లు పోయే పడవ ఒకటి. అది ప్రవాహానికి ఎదురుగా పన్నెండు కిలోమీటర్లు పోయి, మళ్లీ బయల్దేరిన చోటికి వచ్చింది. రానూపోనూ మొత్తం ఐదు గంటలు పట్టింది. ప్రవాహం వేగం ఎంత?

ప్రవాహం వేగాన్ని ఎక్స్ అనుకోండి, ఎదురు పోయేటప్పుడు పడవ వేగంలోంచి ఎక్స్ తీసేయండి, వాలుకు వచ్చేటప్పుడు ఎక్స్ కలపండి అని చెప్పి, అందరినీ చేయమంది. తాయమ్మ అందరికన్నా ముందే చేయెత్తింది.

“ఏడు మేడం.”

సుప్రియ దగ్గరకు వచ్చి చూసింది. కాగితం మీద ఎక్స్ లేదు. పోయేటప్పుడు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు ఒక గంట అని మాత్రం ఉంది.

“ఏడెట్ల వచ్చిందక్కా? పోయేటందుకు నాలుగు గంటలని నీకెవరు చెప్పిన్రు?”

“నెత్తిన పుట్టి ఉన్నంక గంటకు మూడు కిలోమీటర్లకంటె ఎక్కువ నడ్వలేరు మేడం. పన్నెండుకు నాలుగు గంటలు అయితది. ఇగ మిగిలింది ఒక్క గంట. గా ఒక్క గంటల పన్నెండు రావాలె. పుట్టి ఐదు పోతది, కడమ ఏడు ఏరు తోస్తది.”

క్లాసంతా తల తిప్పి చూసింది. పడవ లెక్కలో నడక ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. సుప్రియ బోర్డు దగ్గరకు పోకుండా పక్క బెంచీ మీద కూర్చుని, జర వివరంగా చెప్పమంది. తాయమ్మ చెప్పింది. తన మాట వినడానికి ఒక మనిషి కూర్చోవడం ఆమెకు చాలా ఏళ్ల తర్వాత అదే మొదలు.

తాయమ్మ పెనిమిటి పేరు సవారన్న. వాళ్లు బెస్తవాళ్లు, ఆయన కృష్ణలో పుట్టి నడిపేవాడు. వెదురు బద్దలు గంపలాగా అల్లి, కింద టార్పాలిన్ పట్టా కట్టి, తారు పూస్తే అది పుట్టి. గుండ్రంగా ఉంటుంది కాబట్టి దానికి ముందూ లేదు, వెనకా లేదు. తెడ్డు వేస్తే ఏరు దాటిస్తుంది. కానీ దాటేలోపల నీళ్లు దాన్ని కిందికి ఈడ్చుకుపోతాయి. ఎదురు తెడ్డు వేద్దామంటే ఉన్నచోటే గిరగిర తిరుగుతుంది తప్ప పైకి పోదు. అందుకని అవతలి ఒడ్డుకు చేరి జనాన్ని దించాక, పుట్టిని బోర్లించి నెత్తిన పెట్టుకుని ఒడ్డు వెంబడి పైకి నడిచిపోవాలి. కావలసినంత పైకి పోయాక నీళ్లలో వదిలితే, తేలుకుంటూ సరిగ్గా తమ రేవుకు వస్తుంది. ఎదురు పోవడమంటే తాయమ్మకు తెలిసింది అదొక్కటే.

సవారన్న పుట్టి ఎత్తుకుని ముందు నడిచేవాడు. తెడ్డూ సద్దిమూటా పట్టుకుని తాయమ్మ వెనక నడిచేది. వెనక నుంచి చూస్తే మనిషి కనపడడు. పెద్ద గంపకు రెండు కాళ్లు మొలిచి నడుస్తున్నట్టుండేది. అయితే విచిత్రమేమిటంటే, ఇంట్లో నోరు విప్పని ఆ మనిషి పుట్టి కిందికి పోతే చాలు, మాట్లాడేవాడు. ఇంట్లో ఏదన్నా అడిగితే ఊ అనేవాడు, ఊహూ అనేవాడు. తిండి ఎట్లుందంటే చేయి కడుక్కుని లేచిపోయేవాడు. అదే నెత్తిన పుట్టి పడగానే చిన్ననాటి ముచ్చట్లు, చేపల ముచ్చట్లు, గద్వాల సంతలో చూసిన ఎద్దుల ముచ్చట్లు, ఒకటేమిటి. ఆ మాటలు గంపలో తిరిగి తిరిగి, నీళ్ల గాబులోంచి వచ్చినట్టు బయటకు వచ్చేవి. తన మొహం ఎవరికీ కనపడదన్న ధైర్యమేమో. తాయమ్మ కూడా దాన్ని గురించి ఎప్పుడూ ఎగతాళి చేయలేదు. చేస్తే మానేస్తాడని భయం.

ఒకసారి అట్లా నడుస్తూనే అన్నాడు. “పిల్లలు లేరని నువ్వు చాటుకు పోయి ఏడుస్తవు. నాకు తెల్వదనుకుంటున్నవు. నాకు ఏడ్వరాదు గంతే.” తాయమ్మ తెడ్డు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది. రేవుకు ఎగువకు చేరాక పుట్టి దించి మామూలుగా తాడు సర్దుకున్నాడు. మొహంలో ఏమీ లేదు. ఈ ముచ్చట తాయమ్మ క్లాసులో చెప్పలేదు. మిగతావన్నీ చెప్పింది.

తర్వాత పైన ఎక్కడో వంతెన పడింది. ఆటోలు వచ్చాయి. రేవుకు రావడం జనం మానేశారు. నీళ్ల మీదే బతికిన మనిషికి నీళ్ల గండం రాలేదు. కామెర్లు ముదిరి కర్నూలు దవాఖానలో మంచం మీద పోయాడు. పుట్టిని మరిది తీసుకుని కోళ్ల మీద కప్పడానికి వాడుకున్నాడు.

ఇదంతా విన్నాక సుప్రియ బోర్డు దగ్గరకు పోయి, పుస్తకం పద్ధతిలో చేసి చూపింది. ఎదురు పోవడానికి మూడు గంటలు, రావడానికి రెండు గంటలు, ప్రవాహం వేగం ఒకటి. మహేందర్‌కు నోరు ఊరుకోదు.

“గంటకు ఏడు కిలోమీటర్ల ప్రవాహమంటే వరద గదక్కా. వరదల పుట్టి ఎట్ల ఏసిన్రు?”

“వరదల ఎయ్యరు,” అని తాయమ్మ ఒప్పుకుంది.

“మల్ల పన్నెండు కిలోమీటర్లు పుట్టి మోసిండా మా బావ?”

“గంత దూరం ఎన్నడు మొయ్యలే. మీ పుస్తకమోళ్లు మొయ్యమంటున్నరు, మోసిండు.”

అందరూ నవ్వారు. తాయమ్మ కూడా నవ్వింది. మహేందర్ కాగితం మీద ఏదో గీసుకుని, “నాలుగు గంటలు కాదు, మూడు గంటలల నడిస్తే నీ లెక్క కూడ ఒకటే వస్తది. జర జల్ది నడ్వరాదక్కా,” అన్నాడు.

“జల్ది నడిస్తే ముచ్చట అయిపోతద?” అంది తాయమ్మ.

ఈసారి మహేందర్ నవ్వలేదు. సుప్రియ బోర్డు తుడవబోయి, తుడవకుండా డస్టర్ కింద పెట్టింది.

ఆ తర్వాత అది ఆ క్లాసుకు ఒక అలవాటైంది. పడవ లెక్క వస్తే చాలు, తాయమ్మ తప్పు చేసేది. ఎందుకు తప్పయిందో చెప్పమంటే సవారన్న నడిచి వచ్చేవాడు. ఒక ఆదివారం ఆయన పుట్టిలో ఎక్కిన పెళ్లికూతురు భయపడి పాట పాడిన ముచ్చట, ఇంకో ఆదివారం మేక దూకేసిన ముచ్చట. గోపాల్‌పేట పిల్ల అయితే, “అక్కా, బావ ఇయ్యాల ఏమన్నడు?” అని అడిగేది, ఆయన ఇంకా బతికే ఉన్నట్టు. తాయమ్మకు ఆదివారం కోసం వారం గడిచేది. శనివారం మాపటికే చీర ఉతికి ఆరేసుకునేది. వారమంతా కూడబెట్టుకున్న మాటలు ఆ ఒక్క పూటలో ఖర్చుపెట్టేది.

నిజం చెప్పాలంటే, చలికాలం నాటికే ఆమెకు పుస్తకం పద్ధతి వచ్చేసింది. తీసేయడం, కలపడం, అంతేగా. హాస్టల్లో ఎంత బియ్యానికి ఎన్ని నీళ్లో తెలిసిన మనిషికి అదొక బ్రహ్మవిద్య కాదు. వచ్చి కూడా రానట్టే ఉంది. సరిగ్గా చేస్తే సుప్రియ మేడం కాగితం మీద టిక్కు పెట్టి ముందుకు పోతుంది. టిక్కు పెట్టిన లెక్క గురించి ఎవరూ ఏమీ అడగరు.

సుప్రియకు అనుమానం వచ్చింది. పరీక్షలు దగ్గర పడ్డ ఒక ఆదివారం, అందరూ పోయాక తాయమ్మను ఆపింది.

“అక్కా, నిజం చెప్పు. నీకు గీ లెక్క వస్తది గద?”

తాయమ్మ కొంగు అంచు నలుపుతూ నిలబడింది.

“చూడక్కా. నాకు చెప్పినవు, నేను విన్న. మహేందరన్న విన్నడు. గని పేపర్ దిద్దెటోళ్లకు సవారన్న తెల్వదు. గక్కడ పడవల కూసున్నోడు పడవలనే ఎదురు పోవాలె. నడ్వనియ్యరు. పోయిన రెండుసార్లు కొద్ది మార్కులల్లనే పోయింది. ఈసారి పోతే జూన్‌ల ఎక్కడికి పోతవు?”

“మరిది ఇంటికి.”

“పోయి ఉంటవా?”

తాయమ్మ నలుపుతున్న కొంగు వదిలేసింది. “రాస్త మేడం,” అంది. గదికి నడుచుకుంటూ పోయేటప్పుడు ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆ పుస్తకం రాసినాయన ఒక్కసారన్నా ఏ నది ఒడ్డునైనా నడిచాడా అని గొణుక్కుంది. మళ్లీ తనకే నవ్వొచ్చింది. ఆయన నడిచినా నడవకపోయినా మార్కులు మాత్రం ఆయన చేతిలోనే ఉన్నాయి.

పరీక్ష రోజు ఎండ మాడ్చేస్తోంది. వనపర్తిలోనే సెంటర్. గదిలో ఫ్యాన్ తిరుగుతోంది గాని గాలి కిందికి దిగడం లేదు. ప్రశ్నపత్రం తిప్పగానే పడవ కనపడింది. అంకెలు వేరే, పడవ అదే. తాయమ్మ దాన్ని చివరికి పెట్టుకుని మిగతావన్నీ చేసింది. వచ్చినవి రాసింది, రానివి వదిలింది. లెక్క వేసుకుంటే పాస్ కావడానికి ఇంకా కొంచెం తక్కువ పడుతోంది. తప్పించుకునే దారి లేదు.

సవారన్నను పడవలో కూర్చోబెట్టింది. చేతికి తెడ్డు ఇచ్చింది. పడవ వేగంలోంచి ప్రవాహం వేగం తీసేసింది. ఆయన కిక్కురుమనకుండా ఎదురు తెడ్డు వేసుకుంటూ పోయాడు. ఒడ్డు మీద ఎవరూ లేరు. వెనక నడిచే మనిషి లేదు, మాట లేదు. పైకి పోయాడు, మళ్లీ ప్రవాహం వేగం కలుపుకుని కిందికి వచ్చాడు. జవాబు శుభ్రంగా, చిల్లర లేకుండా వచ్చింది. తాయమ్మ దాని కింద రెండు గీతలు గీసి, కళ్లు తుడుచుకుంది. పర్యవేక్షణకు వచ్చిన సారు ఏంటమ్మా, పేపరు కష్టంగా ఉందా అని అడిగాడు. లేదు సారు, వచ్చింది అని చెప్పింది.

పాసైంది. ఫలితాలు వచ్చిన రోజు సుప్రియే ఫోన్ చేసి చెప్పింది. వార్డెన్ మేడం స్వీట్లు తెప్పించి పిల్లలకు పంచమంటే, పంచింది తాయమ్మే. ‘ఆంటీ, ఎందుకు స్వీటు’ అని ఒకరిద్దరు అడిగారు. చెప్పేలోపల వెనకున్నవాళ్లు చేయి చాపారు. జూన్‌లో కొత్త ఏజెన్సీ వచ్చింది. కాగితం చూశారు, పేరు రాసుకున్నారు. ఉద్యోగం నిలబడింది. మరిది ఇంటి మూల తప్పింది. అన్నీ అనుకున్నట్టే జరిగాయి.

జరగనిది ఆదివారం. మొదటి ఆదివారం గదంతా కడిగింది. రెండో ఆదివారం కడిగిన గదినే మళ్లీ కడిగింది. మహేందర్ ఆటో ఒకసారి రోడ్డు మీద కనపడింది. నిండా జనం ఉన్నారు, చేయి ఊపి పోయాడు. గోపాల్‌పేట పిల్ల నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో మగమనిషి ఎత్తి ఎవరు కావాలని అడిగాడు. తాయమ్మ ఫోన్ పెట్టేసింది.

మళ్లీ క్లాసులు మొదలయ్యాయని తెలిసిన ఆదివారం, ఆమె వంట తొందరగా ముగించి, ఉతికిన చీర కట్టుకుని హైస్కూలుకు పోయింది. అన్నీ కొత్త మొహాలు. సుప్రియ బోర్డు మీద రాస్తున్నదల్లా తలుపు దగ్గర మనిషిని చూసి ఆగింది.

“తాయమ్మక్కా, రా. సర్టిఫికెట్‌ల ఏమన్న తప్పు పడ్డదా?”

“లేదు మేడం. అంత మంచిగనే ఉన్నది.”

“మల్ల? ఏమన్న పని మీద వచ్చినవా?”

ఏదో ఒక లెక్క అర్థం కాలేదని, మళ్లీ చెప్పించుకుందామని వచ్చానని చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. ఏ లెక్క అనాలో కూడా నిర్ణయించుకుంది. తీరా సుప్రియ మొహం చూశాక ఆ అబద్ధం నోట్లోంచి రాలేదు.

“పనేం లేదు మేడం. లెక్కలన్ని వస్తున్నయి. నాతోని మాట్లాడెటోళ్లు ఎవ్వరు లేరు, గందుకని వచ్చిన.”

సుప్రియ చేతిలో చాక్‌పీసు అట్లాగే ఉంది. పాసైనవాళ్లను క్లాసులో కూర్చోబెట్టొచ్చో లేదో ఆమెకు తెలియదు, అడిగితే వద్దనే అంటారు. ముందు బెంచీలో కూర్చున్న ఒక ముసలామె వైపు తిరిగి, “అమ్మా, జర జరుగు. అక్క కూసుంటది,” అంది. ముసలామె సంచీ తీసి ఒళ్లో పెట్టుకుని జరిగింది.

తాయమ్మ కూర్చుంది. సుప్రియ గొంతు సవరించుకుని, రాస్తున్న లెక్కను పూర్తి చేసింది. ఇద్దరు మనుషులు రెండు ఊళ్ల నుంచి ఒకరికొకరు ఎదురుగా బయల్దేరారు, ఎంతసేపటికి కలుస్తారు? ముసలామె చాలాసేపు బోర్డు వైపు చూసి, తాయమ్మ చెవి దగ్గరకు వంగి, “నీకు తెలుసా బిడ్డా?” అని అడిగింది.

తాయమ్మకు తెలుసు. బోర్డు మీద రాస్తుండగానే వచ్చేసింది. కానీ చెప్పేస్తే ఆ మాట అక్కడితో అయిపోతుందని, “తెల్వదమ్మా, ఇద్దరం కూడి చేద్దాం,” అంది.